వచనంలో దొరికే పద్యపాదాలు: కడప నుంచి ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

పని ఏమిటో ముందు స్పష్టంగా రాసుకుంటాను. పాత తెలుగు వచన పుస్తకాలను కంప్యూటర్‌కు ఇవ్వాలి. రచయిత పద్యం రాయాలని అనుకోకుండానే ఛందస్సుకు సరిపడిన పదాల వరుసలు వాటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఆ తర్వాత అసలు ప్రశ్న. ఆ సంఖ్య కాకతాళీయంగా రాదగినంతేనా, అంతకంటే ఎక్కువా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఫలానా గ్రంథంలో రచయిత పద్యాలు దాచాడని, వాక్యాన్ని విడగొట్టి చదివితే ఆటవెలది పద్యం బయటపడుతుందని సాహిత్య సభల్లో తరచూ వింటుంటాను. చెప్పినవారు ఒక వాక్యాన్ని విడగొట్టి చూపిస్తారు, గణాలు, అంటే పద్యపాదాన్ని కట్టే అక్షరాల గుంపులు, చక్కగా కుదురుతాయి, సభ చప్పట్లు కొడుతుంది. పగలు డిగ్రీ పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పే నాకు అక్కడ ఒక సంగతి వెలితిగా తోస్తుంది. గణాలు కుదిరిన వాక్యాన్ని చూపిస్తున్నారు సరే, కుదరని వాక్యాలు ఎన్ని వెతికారు? ఆ సంఖ్య చెప్పనంత కాలం కుదిరినదాని విలువ ఎంతో తేలదు.

పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. విశ్వనాథుడి సంస్కృత గ్రంథం సాహిత్యదర్పణం గద్యాన్ని నాలుగు రకాలుగా విడదీసి, పద్యభాగాలు కలిసి ఉండే గద్యానికి వృత్తగంధి అని పేరు పెట్టింది. అంటే వచనంలో పద్యం వాసన ఉండడం ఒక గుణంగానే లెక్కలోకి వచ్చింది. రచయిత కోరి తెచ్చిన వాసన ఎంత, భాషలో సహజంగా ఉన్నది ఎంత అన్నది మాత్రం నాకు తెలిసినంతలో ఎవరూ తూచి చూపలేదు. నేను చేయదలచింది అదే.

కడపలో ఉండి ఈ పని చేయడం నాకు సంతోషం. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల తాళపత్రాలు వెతికించి, 1829లో అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లి స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. అదే జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో, క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే రేనాటి చోళుల శాసనం మనకు దొరికిన తొలి తెలుగు వచనం. ఆటవెలదిని ఇంటింటి మాట చేసిన వేమనా ఈ సీమవాడేనని చాలామంది చెబుతారు.

జూన్, చివరి వారం

ముందు రెండు పుస్తకాలతో మొదలుపెట్టాను. ఒకటి చిన్నయసూరి నీతిచంద్రిక, 1853. రెండోది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర, 1838లో అచ్చయింది. రెండూ పందొమ్మిదో శతాబ్దపు వచనాలే అయినా తీరు వేరు. సూరిది సంధులు, సమాసాలు పొందికగా నడిచే గ్రాంథికం. వీరాస్వామయ్యది చెన్నపట్నం నుంచి తిరుపతి, కడప, అహోబిలం మీదుగా సాగిన ప్రయాణంలో రాసుకున్న వాడుక మాట. పద్యం వాసన దేనిలో ఎక్కువ ఉండాలో ఎవరైనా ఊహించగలరు. ఊహ పక్కన పెట్టి లెక్క చూడాలి.

అక్షరాలను గురులఘువులుగా, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టేవి, తక్కువ సేపు పట్టేవిగా విడదీసే ప్రోగ్రాం భాగం రాయడం పూర్తయింది. యూనికోడ్‌లో తెలుగు అచ్చుగుర్తులు, పొల్లు, సున్న వేర్వేరు సంకేతాలు కాబట్టి పని సులువే. దీర్ఘం, ఐత్వం, ఔత్వం, నిండుసున్న, విసర్గ, పొల్లు ఉంటే గురువు. తర్వాతి అక్షరం సంయుక్తమో ద్విత్వమో అయితే ముందున్నది గురువు.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. ఒకటి అరసున్న. అరసున్న అక్షరాన్ని గురువు చేయదు, నిండుసున్న చేస్తుంది. స్కాన్ చేసిన పాత పేజీలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ‘తనకుఁ’ అన్నదాన్ని ‘తనకుం’ అని చదివితే లఘువు గురువైపోతుంది, గణం మారిపోతుంది. ఒక్క చుక్క తేడాతో పాదం పుట్టడమో చావడమో జరుగుతుంది. అందుకే మనుషులు సరిదిద్దిన ప్రతులు దొరికినంత వరకు వాటినే తీసుకుంటున్నాను. మిగిలిన పేజీలను కూర్చుని చేత్తో చూసుకుంటున్నాను.

రెండోది పదం చివరి అక్షరం సంగతి. ‘రాజు ప్రజలను’ అన్నప్పుడు ‘ప్ర’ సంయుక్తమైనా ముందున్న ‘జు’ లఘువుగానే ఉంటుంది. ‘రాజప్రసాదము’ సమాసం కాబట్టి ‘జ’ గురువు అవుతుంది. సమాసమేదో కంప్యూటర్‌కు తెలియదు. కలిపి అచ్చువేసిన మాటను సమాసంగాను, విడిగా వేసినదాన్ని విడి పదాలుగాను తీసుకోవాలని నియమం పెట్టుకున్నాను. నియమాన్ని ముందే కాగితం మీద రాసి, తేదీ వేసి, హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన అయ్యవారితో సంతకం చేయించాను. ఫలితం చూశాక నియమం మార్చే అవకాశం నాకు ఉండకూడదు. ఎందుకింత పట్టుదలో కింద రాస్తాను.

జూలై

గణాల దగ్గర ఒక అందమైన విషయం కనబడింది. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల న గణం, గురువు లఘువుల హ గణం. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. ఈ జాబితాల్లో ఏ గణమూ అదే జాబితాలోని మరో గణానికి మొదటి ముక్క కాదు. కాబట్టి ఒక అక్షరం దగ్గర మొదలుపెట్టి, ఇక్కడ సూర్యగణం రావాలి, ఇక్కడ ఇంద్రగణం రావాలి అని నడుస్తూ పోతే విభజన ఒకే రకంగా వస్తుంది. రెండు రకాలుగా విడగొట్టే తంటా లేదు. ఛందస్సును కట్టినవారు దీన్ని చెవితో సాధించారు. నాకు అది ప్రోగ్రాంలో చిన్న వలయంగా దొరికింది.

ప్రోగ్రాంను పరీక్షించడానికి ముందు వేమన మకుటం ఇచ్చాను. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. అయిదూ సూర్యగణాలే, ఆటవెలది సరిపాదం (రెండో, నాలుగో పాదం). మొదటి ‘వి’కి నాలుగో గణం మొదటి ‘వి’తో యతి, అంటే ఆ రెండు చోట్ల అక్షరాల ధ్వని కలవడం. పట్టుకుంది.

తర్వాత నా సొంత డైరీ ఇచ్చాను. అందులో పద్యం రాయలేదని నాకు తెలుసు కదా. వాన పడ్డ మర్నాడు రాసుకున్న ఈ వాక్యాన్ని తీసి చూపింది:

నిన్న రాత్రి వాన కురిసి చల్లబడింది.

విడగొట్టి చూడండి. నిన్న, రాత్రి, వాన: మూడు హ గణాలు. ‘కురిసిచ’: మూడు లఘువులు, ద్విత్వం ముందున్న ‘చ’ గురువు, నగము. ‘ల్లబడింది’: లఘువు, లఘువు, గురువు, లఘువు, సలము. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఆటవెలది మొదటి పాదానికి కావలసినవి అవే.

మరో పేజీలో ఇంకొకటి: ‘బస్సు కడప నుంచి బయలుదేరినపుడు’. బస్సు, కడపనుం, చిబయలు, దేరి, నపుడు. ఇది తేటగీతి అనే మరో పద్యం పాదం. ఏ డిపోలో ప్రకటన వినిపించినా ఇలాంటి పాదం ఒకటి చెవిన పడుతుందన్నమాట.

అయ్యవారికి చూపించాను. ఆయన ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. రెండు వాక్యాలూ ఒకసారి మెల్లగా రాగం తీసి చదివి, కాగితం పక్కన పెట్టారు.

“గణాలు ఉన్నాయి నాయనా, యతి ఏదీ? ‘ని’కి ‘కు’ ఎలా చెల్లుతుంది?”

“ప్రాసయతి కూడా లేదు అయ్యవారూ, రెండో అక్షరాలూ కలవలేదు, చూశాను.”

“అయితే ఇది పాదం కాదు. వానను నిలిపెయ్, అప్పుడు అవుతుంది.”

‘కురిసి’ తీసి ‘నిలిచి’ పెట్టారు. నిన్న రాత్రి వాన నిలిచి చల్లబడింది. గణాలు అవే, యతి కుదిరింది, అర్థం కొంచెం మారింది. నాకు ఆ క్షణంలో ప్రాజెక్టు మొత్తం అరచేతిలో కనబడినట్టయింది. గణాలు భాష ఇచ్చేస్తుంది. యతి కోసం ఎవరో ఒకరు మాట మార్చాలి. కవి చేయి పడిందా లేదా తేల్చాలంటే చూడవలసిన చోటు గణాలు కాదు, యతి.

జూలై, అదే వారం: లెక్క

గురులఘువులు చెరిసగం, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని అనుకుందాం. సూర్యగణం పడే అవకాశం 3/8 (మూడు లఘువులకు 1/8, గురులఘువులకు 1/4). ఇంద్రగణానికి 9/16. తేటగీతి పాదానికైనా, ఆటవెలది బేసిపాదానికైనా మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలే కావాలి, వరుస మాత్రమే వేరు. గుణిస్తే దాదాపు 60కి ఒకటి. ఆటవెలది సరిపాదానికి దాదాపు 135కి ఒకటి.

ఇప్పుడు గురువుల వాటా సగం కాక పదింట నాలుగు అనుకుందాం. తేటగీతి పాదం అవకాశం 26కి ఒకటి అవుతుంది! సరిపాదం 51కి ఒకటి. చిన్న మార్పుతో అవకాశం రెట్టింపు దాటిపోయింది. లఘువులు ఎక్కువగా ఉండే తేలిక తెలుగు వచనంలో, సమాసాలు దట్టంగా ఉన్న పండిత వచనంలో కంటే ఈ పాదాలు ఎక్కువగా దొరుకుతాయన్నమాట. సాధారణంగా అందరం ఊహించేదానికి ఇది పూర్తిగా తలకిందులు. ‘ఈ పుస్తకంలో పాదాలు ఎక్కువ, కాబట్టి రచయిత పద్యకవి’ అనే వాదన ఇక్కడే కూలిపోతుంది.

ప్రతి పదమూ పాదానికి మొదలు కాగలదు. పేజీకి రెండు వందల పదాలనుకుంటే, పాదం చివర కూడా పదం ముగిసే చోటే పడాలని షరతు పెట్టినా, పేజీకి ఒకటో రెండో తేటగీతి పాదాలు వాటంతట అవే వస్తాయి. సభలో ఒక వాక్యం చూపించి ఆశ్చర్యపడమన్నప్పుడు నేను ఆశ్చర్యపడలేకపోవడానికి కారణం ఈ సంఖ్యే.

నాలుగు పాదాలు వరుసగా రావాలంటే సంగతి వేరు. మొదటి లెక్కలో తేటగీతి పద్యం మొత్తం దాదాపు కోటీ ఇరవై తొమ్మిది లక్షలకు ఒకటి, రెండో లెక్కలో దాదాపు నాలుగున్నర లక్షలకు ఒకటి. దానిపైన ప్రతి పాదంలో యతి చెల్లాలి. ఉదారంగా పదింట ఒకసారి చెల్లుతుందనుకున్నా, రెండో లెక్క ప్రకారమే దాదాపు 450 కోట్లకు ఒకటి. అలాంటిది వచనంలో దొరికితే నేను నిస్సంకోచంగా నమ్ముతాను, అక్కడ మనిషి ఉన్నాడని.

ఆగస్టు

ఈ నెల ప్రోగ్రాం ఎక్కువగా ముట్టుకోలేదు. ఇదే పని వేరే భాషల్లో చేసినవారి అనుభవాలు చదివాను.

1819లో కేంబ్రిడ్జిలో విలియం హ్యూవెల్ యంత్రశాస్త్రం పాఠ్యపుస్తకం రాశాడు. తాడు ఎంత సన్ననిదైనా, లాగే బలం ఎంత పెద్దదైనా, దాన్ని వంపు లేని అడ్డగీతగా సాగదీయలేమన్నది అందులో ఒక వాక్యం. ఇంగ్లిష్‌లో ఆ వాక్యం నాలుగు పాదాల పద్యంగా విడిపోతుంది. మొదటి, నాలుగో పాదాలకు అంత్యప్రాస, రెండు మూడింటికి మరో అంత్యప్రాస. ఆడం సెడ్జ్‌విక్ ఒక విందులో దాన్ని పద్యంగా చదివి వినిపించాడు. హ్యూవెల్ తర్వాతి ముద్రణలో ఆ వాక్యాన్ని మార్చేశాడు. ఎంతో గంభీరమైన శాస్త్రగ్రంథంలో, రచయితకే తెలియకుండా పద్యం వచ్చిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. దాన్ని తీసేసినందుకు నాకు బాధగానే ఉంది.

రెండోది మరింత గట్టి పాఠం. 1994లో ‘స్టాటిస్టికల్ సైన్స్’ పత్రికలో ముగ్గురు పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. హీబ్రూ బైబిల్ మొదటి భాగంలో సమాన దూరంలో ఉన్న అక్షరాలను ఏరి కలిపితే ప్రసిద్ధ మతగురువుల పేర్లు, వారి తేదీలు దగ్గరదగ్గరగా వస్తున్నాయని, అది కాకతాళీయంగా జరగడం దాదాపు అసాధ్యమని వారి వాదన. 1997లో మైఖేల్ డ్రాస్నిన్ అదే పద్ధతితో భవిష్యత్తు చెప్పే పుస్తకం రాసి, ‘మోబీ డిక్’ నవలలో ప్రధానమంత్రి హత్య గురించి సందేశం చూపిస్తే విమర్శకులను నమ్ముతానన్నాడు. ఆస్ట్రేలియా గణితవేత్త బ్రెండన్ మెకే ఆ నవలలోనే వెతికి, ఇందిరాగాంధీతో సహా ఎందరో నాయకుల హత్యల ‘జోస్యాలు’ తీసి చూపించాడు. 1851 నాటి తిమింగలాల వేట కథలో!

1999లో అదే పత్రికలో మెకే, మరో ముగ్గురు కలిసి మొదటి వ్యాసానికి జవాబు రాశారు. ఒక గురువుకు అనేక పేర్లు, బిరుదులు, వర్ణక్రమాలు ఉంటాయి. వాటిలో దేన్ని తీసుకోవాలన్న స్వేచ్ఛ ఉంటే చాలు, ఎలాంటి ఫలితమైనా వస్తుందని చూపించారు. నేను నియమాల కాగితం మీద సంతకం చేయించింది ఇందుకే. సంధి చేసి చూస్తాను, కుదరకపోతే విడదీసి చూస్తాను, అరసున్న ఉంచి ఒకసారి, తీసి ఒకసారి అంటూ పోతే నేనే నా వచనంలో శతకం పుట్టించగలను.

సెప్టెంబరు

‘చెరిసగం’ అనుకున్న లెక్కకు ఒక లోపం ఉంది. అక్షరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావు. రష్యాలో మార్కోవ్ 1913లో పుష్కిన్ కావ్యం నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎంత తరచుగా వస్తుందో, హల్లు తర్వాత ఎంత తరచుగా వస్తుందో చేత్తో లెక్కపెట్టి ఇదే చూపించాడు. తెలుగులో పదాలు చాలావరకు హ్రస్వంతో ముగుస్తాయి కాబట్టి పదం చివర లఘువులు పోగుపడతాయి. గురువుల మొత్తం వాటా తెలిసినంత మాత్రాన ఇది పట్టుబడదు.

అందుకే సూత్రంతో పోల్చడం మానేసి, పుస్తకాన్ని దానితోనే పోలుస్తున్నాను. ఒక్కో వాక్యంలో చివరి క్రియను కదపకుండా మిగతా పదాలను కలగలిపి, వాక్యానికి అర్థం పోయినా పదాలు మాత్రం అవే ఉండేట్టు చేసి, అందులో పాదాలు లెక్కపెడతాను. అలా ఎన్నోసార్లు. కలగలిపిన ప్రతుల్లో వచ్చే సంఖ్యలు ఒక పరిధిలో ఉంటాయి. అసలు పుస్తకం సంఖ్య ఆ పరిధిలోనే ఉంటే పదాల కూర్పులో ప్రత్యేకత లేదు. దాటితే రచయిత చెవి పనిచేసిందనుకోవాలి.

తేటగీతి, ఆటవెలది పాదాలను గణాల వరకే చూస్తే ఇప్పటివరకు ఏ పుస్తకమూ పరిధి దాటలేదు. యతి కూడా కలిపి చూసినప్పుడు ఒక్క పుస్తకం మాత్రం అంచు మీద నిలబడింది. దాని పేరు ఇక్కడ రాయను. స్కాన్ ప్రతి కాబట్టి పేజీలన్నీ మూలంతో సరిచూడాలి. అరసున్నల పని అయ్యాకే ఏదైనా అనగలను.

అక్టోబరు

ఒక మిత్రుడు వేరే కోరికతో వచ్చారు. రెండు పాత కథల పుస్తకాల్లో ఆరేడు పదాల వరుసలు అచ్చుగుద్దినట్టు ఒకటిగా ఉన్నాయట, ఒకరు మరొకరి నుంచి ఎత్తి రాశారని ఆయన అనుమానం. ప్రోగ్రాంను ఆ పనికీ మార్చుకున్నాను. వరుసలు నిజంగానే ఉన్నాయి. రాజు ఆ మాట విని మిక్కిలి సంతోషించడం, మంత్రి చేతులు జోడించి విన్నవించుకోవడం, అంతలో తెల్లవారడం. మూడో కథల పుస్తకం ఇచ్చి చూశాను, దానిలోనూ అవే. అవి ఎవరి సొత్తూ కావు, కథ చెప్పే తీరులో అందరి నోటా నానిన మాటలు. నలభై పుస్తకాలను జతలుగా పోలిస్తే 780 జతలవుతాయి. అన్ని జతల్లో ఎక్కడో ఒకచోట పొడుగాటి పోలిక కనబడకపోతేనే వింత. దొంగతనం అనే పెద్ద మాట వాడాలంటే సాధారణ మాటల వరుస చాలదు. ఒకరు చేసిన అరుదైన తప్పు మరొకరిలోనూ కనబడాలి. మిత్రుడు అందుకు ఒప్పుకున్నారు, ఇప్పుడు ఆ రెండు పుస్తకాల్లో ఊరి పేర్ల తప్పులు వెతుకుతున్నారు.

నవంబరు

కందం అనే పద్యం మొదలుపెట్టాను. ‘కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు’ అన్నారు కాబట్టి వచనంలో అది అసలు దొరకదనే అనుకుంటాం. లెక్క వేరే మాట చెబుతోంది. కందంలో నాలుగు మాత్రల గణాలు (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు) అయిదు: గగ, భ, జ, స, నల. చెరిసగం లెక్కలో వీటిలో ఏదో ఒకటి పడే అవకాశం 11/16, సూర్యగణానికి ఉన్నదానికి దాదాపు రెట్టింపు. బేసి గణం జగణం కాకూడదు, ఆరో గణం నలమో జగణమో కావాలి, ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి అన్న నియమాలన్నీ పెట్టినా సగం పద్యానికి 300కి ఒకటి, మొత్తం పద్యానికి 90,000కు ఒకటి వస్తుంది. పూర్తి తేటగీతికి కోటికి పైగా అని పైన రాశాను. గణాల వరకు చూస్తే కందం దానికంటే వంద రెట్లకు పైగా సులువు! లక్ష పదాల వచనంలో ఒకటి దానంతట అదే పుట్టవచ్చు.

అయ్యవారికి చెబితే చాలాసేపు ఒప్పుకోలేదు. గణాలు వేసి చూపించాక, “మరి ప్రాస?” అన్నారు. నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, మొదటి అక్షరాలు నాలుగూ గురువులో నాలుగూ లఘువులో కావాలి, రెండు నాలుగు పాదాల్లో యతి చెల్లాలి. కాకతాళీయానికి తలుపు మూసేది అదే. కవికి కష్టమూ అక్కడే.

ఇప్పుడు నీతిచంద్రికను, కాశీయాత్ర చరిత్రను కందం కోసం వెతికిస్తున్నాను, ముందు ప్రాస లేకుండా, తర్వాత ప్రాసతో. ప్రాస లేకుండా దొరికినవన్నీ అయ్యవారి దగ్గరికి వెళ్తాయి. అసలు పుస్తకంలోవి, కలగలిపిన ప్రతిలోవి కలిపే ఇస్తాను, ఏది దేనిలోదో ఆయనకు చెప్పను. చదివి, చెవికి పద్యంలా వినిపించినవాటి పక్కన గుర్తు పెడతానన్నారు. డిసెంబరులో ఆ కాగితాలు తిరిగి వస్తాయి.